వాకింగా, మెట్లా, జిమ్మా, ఇంట్లోనేనా? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మా తిరుపతి లెక్క

మొన్న చిత్తూరు నించి మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, షుగరు బార్డర్లో ఉందంట, డాక్టరు ఎక్సర్‌సైజ్ చెయ్యమన్నాడు, జిమ్ములో చేరేదా, వాకింగ్ పోతే చాలా, యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేసుకునేదా, ఏదో ఒకటి చెప్పు బావా" అన్నాడు. వాడు అడిగింది ఒక్క మాట, నేను చెప్పింది గంటన్నర, చివరికి వాడే "సర్లే బావా, అదంతా రాసి పెట్టు, చదువుకుంటా" అని పెట్టేసినాడు. అందుకే రాస్తా ఉన్నా. వాడి వయసు 41, బరువు 78 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం, కాలేజీలో క్రికెట్ ఆడినప్పుడు చెమట పట్టిందే లాస్టు. మీరూ ఇంచుమించు అదే బాపతు అయితే మీకూ పనికొస్తుంది. నేను డాక్టర్ని కాదు, ట్రైనర్ని అసలే కాదు, అన్నీ మొదలుపెట్టి సగంలో దెబ్బతిన్నోణ్ణి, అదే నా క్వాలిఫికేషన్.

ముందు నా మెట్ల కథ చెప్పాల. అప్పటికి ఏడాదిగా నేను రోజూ పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండుకి పోయి 45 నిమిషాలు నడిచేవాణ్ణి, వానలప్పుడు తప్ప మానింది లేదు, వీధిలో అందరికీ "ఏం సార్, ఇంకా వాకింగ్ మొదలుపెట్టలేదా" అని క్లాసు పీకే స్టేజీకి వచ్చేసినా. ఆ పొగరుతోనే ఒక శనివారం అలిపిరి నించి కొండ ఎక్కుదామని బయల్దేరినా. 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, మనకి నడక నల్లేరు మీద బండి కదా అనుకున్నా. గాలిగోపురం చేరే లోపలే నా బండి నాలుగుసార్లు ఆగిపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంటా ఉంది, తొడలు రాళ్ళయిపోయినాయి. నేను కూర్చున్న ప్రతిసారీ ఒక అవ్వ నన్ను దాటుకుని పోతా ఉంది, అరవై పైనే ఉంటాయి, ఊరికే ఎక్కడం కాదు, ప్రతి మెట్టు దగ్గరా నడుం వంచి పసుపు రాసి కుంకుమ పెట్టి లేస్తా ఉంది. నేను లేచి దబదబా ఇరవై మెట్లు ఎక్కి ఆమెను దాటేది, మళ్ళీ కూలబడేది, ఆమె మళ్ళీ వచ్చేసేది. మూడోసారి ఆమే "మెల్లిగా ఎక్కు నాయనా, కొండ యాడికీ పోదులే" అనింది.

ఇంటికొచ్చినాక రెండు రోజులు మంచం మీద పడుకుని ఆలోచించినా, ఏడాది నడిచినోడికి ఈ గతేంది అని. తర్వాత అర్థమైంది ఏమంటే ఒళ్ళు మనం అడిగిన పనే నేర్చుకుంటుంది, అడగనిది నేర్చుకోదు. నేను చదును నేల మీద నడవమని అడిగినా, అది నేర్చుకుంది. నా 80 కిలోలని ఒక్క కాలి మీద ఎత్తమని ఎప్పుడూ అడగలేదు. ఆ అవ్వ ఇంట్లో వంగి ఊడ్చి, నీళ్ళు మోసి, కూర్చుని లేచి, ఆ పనంతా రోజూ చేస్తానే ఉంటుంది గదా. కాబట్టి "ఏది మంచిది" అని అడగడమే తప్పు, "నా ఒంటికి ఇప్పుడు ఏది రాదు" అని అడగాల.

ఫిట్‌నెస్ అంటే ఒక్కటే సరుకు అనుకుంటారు శానా మంది, కానీ దాంట్లో మూడు నాలుగు సరుకులు ఉన్నాయి. మొదటిది దమ్ము, అంటే గుండె, ఊపిరితిత్తులు ఎంతసేపు తట్టుకుంటాయనేది. రెండోది బలం, సిలిండర్ పక్కకి జరపడం, బియ్యం మూట ఎత్తడం, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవడం. మూడోది ఒళ్ళు వంగడం. నాలుగోది తూలకుండా నిలబడడం, దీని గురించి యాభై దాటేదాకా ఎవరూ పట్టించుకోరు, బాత్రూంలో జారినప్పుడు గుర్తొస్తుంది. వాకింగ్ దమ్ముని పెంచుతుంది, బలాన్ని పెద్దగా పెంచదు. జిమ్ము బలాన్ని పెంచుతుంది, కానీ సెట్టుకీ సెట్టుకీ మధ్య పది నిమిషాలు ఫోన్ చూసుకునేవాళ్ళకి దమ్ము పెరగదు. యోగా ఒంటిని వంచుతుంది, బ్యాలెన్సు నేర్పుతుంది. ఏ ఒక్కటీ అన్నీ ఇవ్వదు, ఇస్తుందని ఎవరైనా చెప్తే వాళ్ళు ఏదో అమ్ముతా ఉన్నారని అర్థం.

ఎంత చెయ్యాలి అనేదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ఉంది. పెద్దవాళ్ళు వారానికి 150 నించి 300 నిమిషాలు మోస్తరు శ్రమ, లేకుంటే 75 నించి 150 నిమిషాలు గట్టి శ్రమ చెయ్యాల, దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం ఇచ్చే పని ఉండాల. మొదటి సగం అందరికీ తెలుసు, రెండో సగం మా గ్రౌండులో ఎవర్నడిగినా తెలీదు. మోస్తరు అంటే ఎంత అని తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు, నడుస్తా పక్కనోడితో మాట్లాడగలగాల, కానీ పాట పాడలేకపోవాల. పాట కూడా వచ్చేస్తా ఉంటే అది షికారు. నాలుగు మాటలకే ఆయాసం వస్తే అది గట్టి శ్రమ. వాచీ ఉన్నోళ్ళకి ఇంకో లెక్క, 220 లోంచి వయసు తీసేస్తే గుండె అత్యధికంగా ఎంత కొట్టుకోగలదో సుమారుగా వస్తుంది, మా వాడికి 179, దాంట్లో 64 నించి 76 శాతం అంటే 115 నించి 136 మధ్య ఉంటే మోస్తరు. ఇది సగటు లెక్కే, మనిషికీ మనిషికీ పది పదిహేను తేడా ఉంటుంది, బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి గుండె వేగం మామూలుగా పెరిగినంత పెరగదు కాబట్టి వాళ్ళకి మాటల టెస్టే మేలు.

ఇక ఒక్కోటీ చూద్దాం.

వాకింగ్ గురించి నేను చెడ్డగా చెప్తున్నా అనుకోవద్దు, కొత్తవాళ్ళకి దానికి మించింది లేదు, ఎందుకంటే దాంట్లో ఓడిపోవడం కష్టం. ఫీజు లేదు, నేర్చుకునేది లేదు, దెబ్బ తగిలేది తక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకైతే భోజనం అయినాక పది పదిహేను నిమిషాలు నడిచినా తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది, అంటే పొద్దున గ్రౌండుకి పోవడానికి కుదరకపోయినా రాత్రి సంగటి తిని వీధిలో అటూ ఇటూ తిరిగితే అదీ లెక్కే. కానీ తిరుపతిలో వాకింగ్‌కి ఒక జబ్బు ఉంది, నలుగురు కలిసి పోతారు, పోయేటప్పుడు పాలిటిక్స్, వచ్చేటప్పుడు రియల్ ఎస్టేటు, చివర్లో టీ, టీతో పాటు మైసూరు బోండా. నిమిషానికి 100 అడుగులు పడితేనే మోస్తరు నడక కిందకి వస్తుంది, ఒకసారి లెక్కపెట్టుకుని చూడండి, చాలామందికి డెబ్బై కూడా ఉండవు.

10,000 అడుగుల సంగతి కూడా ఈడనే చెప్పేస్తా. అది ఏ డాక్టరో తేల్చింది కాదు, టోక్యో ఒలింపిక్స్ అయిన తర్వాతి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషను అమ్మడానికి దానికి మాంపో-కే అని పేరు పెట్టింది, పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రంగా ఉందని ప్రపంచమంతా పట్టుకుంది. ఇప్పుడు రోజుకి 3000 నడిచేవాడు 6000కి పోతే అదే పెద్ద మార్పు, పదివేలు కాలేదని రాత్రి పదకొండుకి హాల్లో చక్కర్లు కొట్టక్కర్లేదు (మా ఇంట్లో ఒకరు కొడతారు, పేరు చెప్తే నాకు భోజనం ఉండదు).

మెట్లు. మనకున్న అదృష్టం ఇదే, వేరే ఊళ్ళలో డబ్బు కట్టి మెట్లెక్కే మిషను మీద ఎక్కుతారు, మనకి దేవుడే కట్టించి పెట్టినాడు. కానీ రెండు దారులకీ తేడా తెలుసుకోవాల. అలిపిరి దారి పొడుగు, మొదట్లో గాలిగోపురం దాకా నిటారు, తర్వాత శానా దూరం మామూలు నడక లాగే సాగుతుంది, జింకల పార్కు దాటి చివర్లో మోకాళ్ళ మెట్ల దగ్గర మళ్ళీ నిటారు. శ్రీవారి మెట్టు శ్రీనివాస మంగాపురం వైపు, 2388 మెట్లు, సుమారు 2.1 కిలోమీటర్లే. తక్కువ కదా అని కొత్తోళ్ళందరూ దాన్నే పట్టుకుంటారు, కానీ తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు అంటే మధ్యలో తెరిపి తక్కువని అర్థం, అలిపిరిలో అయితే నడుమన చదునుగా ఉన్న చోట గుండె సర్దుకుంటుంది. దమ్ము బాగున్న మనిషికి శ్రీవారి మెట్టు గంటన్నర పని, లేని మనిషికి అలిపిరే మేలు, టైము పట్టినా ఒంటి మీద జాలి చూపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అది ఐదు నిమిషాల్లో పోతుంది. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి హాయిగా ఉందే అనిపిస్తుంది, కానీ తొడ కండరం సాగుతా సాగుతానే బరువుని ఆపాల్సి వస్తుంది, ఆ పనికే కండరం లోపల సన్నగా దెబ్బతినేది. ఒక్కో మెట్టు దిగినప్పుడు మోకాలి మీద మన బరువుకి మూడు రెట్ల పైన పడుతుంది. నొప్పి అప్పటికప్పుడు రాదు, ఒక రోజు నించి మూడు రోజుల మధ్య గట్టిగా వస్తుంది, నేను రెండు రోజులు మంచం మీద ఉన్నది ఎక్కినందుకు కాదు, బస్సు టిక్కెట్టు డబ్బులు మిగుల్తాయని మెట్ల మీదనే దిగినందుకు. ఆ నొప్పి మామూలుదే, నాలుగైదు రోజుల్లో పోతుంది, ఒళ్ళు కొత్త పని చూసిందని గుర్తు. కానీ మోకాలి కీలులో సూది పొడిచినట్టు ఉన్నా, వాపు వచ్చినా, ఒక్క పక్కనే నొప్పి ఉన్నా అది వేరే కథ, దాన్ని "అలవాటు అయితే పోతుందిలే" అని తొక్కిపెట్టకూడదు. ఒంట్లో నీళ్ళు తక్కువై గట్టి శ్రమ చేసినాక మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాల.

కొండ మెట్లు రోజూ ఎక్కే ఎక్సర్‌సైజు కాదు నా దృష్టిలో, నెలకో రెండు నెలలకో ఒకసారి పెట్టుకునే పరీక్ష. రోజూ ఎక్కేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి దండం, వాళ్ళు కొత్తోళ్ళు కాదు. కొత్తోళ్ళు ఇంట్లో మిద్దె మెట్లతో మొదలుపెట్టండి, రెండు అంతస్తులు, మెల్లిగా, ఐదుసార్లు, దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని. చెప్పుల్లేకుండా ఎక్కడం మొక్కు విషయం, దాని జోలికి నేను పోను, కానీ షుగర్ ముదిరి అరికాళ్ళు తిమ్మిరిగా ఉండేవాళ్ళకి బండ కాలినా తెలీదు, గాజు గుచ్చుకున్నా తెలీదు, వాళ్ళు మాత్రం దేవుడికి చెప్పుకుని ఏదో ఒకటి వేసుకోవాల. పిల్లల్ని తీసుకుపోయేవాళ్ళు వేళలు కనుక్కుని పోండి, 2023లో చిరుత దాడి జరిగినాక కట్టడి పెట్టినారు.

జిమ్ము దగ్గరికి వద్దాం. నేను ఒకసారి ఏడాది ఫీజు ఒకేసారి కట్టినా, ఆఫర్ అన్నారు, పద్దెనిమిది రోజులు పోయినా. పేరు అనవసరం, తప్పు సగం నాదే. మొదటి రోజే ఆ ట్రైనర్ తమ్ముడు "సార్, ఈ రోజు లెగ్స్" అని నాతో ఏడు రకాలు చేయించినాడు, మర్నాడు ఇండియన్ టాయిలెట్లో కూర్చున్నోణ్ణి లేవలేక కొళాయి పట్టుకుని వేలాడినా. మొదటి వారం కష్టంగా లేదే అనిపించేంత తక్కువ చేయించేవాడే మంచి ట్రైనర్, ఈ ఒక్క ముక్క తెలిసుంటే నా ఏడాది ఫీజు మిగిలేది. జిమ్ము చూడ్డానికి పోయినప్పుడు మిషన్లు, ఏసీ, అద్దాలు కాదు చూడాల్సింది, నలభై దాటినోళ్ళు, ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి, ట్రైనర్ మీ బీపీ, షుగరు, పాత దెబ్బలు అడుగుతాడా లేక రాగానే ప్రోటీను పొడి డబ్బా చూపిస్తాడా చూడండి. ఇంటి నించి పది నిమిషాల దూరం దాటితే మానేస్తారు, ఇది రాసిపెట్టుకోండి. ఫీజు నెల నెలా కట్టండి, ఆఫర్ పోతే పోనీ.

జిమ్ముకి ఉన్న అసలు గొప్పతనం ఏందంటే బరువుని కొలిచి పెంచుకోవచ్చు. బలం పెరగడానికి ఉన్నది ఒకే సూత్రం, కొంచెం కొంచెంగా పని పెంచుతా పోవాల. ఈ వారం 5 కిలోల డంబెల్ 10 సార్లు ఎత్తితే వచ్చే వారం 11, ఆపై 12, అప్పుడు 6 కిలోలకి పోయి మళ్ళీ 9 నించి మొదలు. ఒకే బరువుని మూడేళ్ళు ఎత్తితే మూడేళ్ళ తర్వాత కూడా ఆ బరువు ఎత్తే బలమే ఉంటుంది. రెప్ అంటే ఒకసారి ఎత్తి దించడం, సెట్ అంటే ఆగకుండా చేసిన రెప్‌ల గుంపు, కొత్తోళ్ళకి ఒక్కో రకం 8 నించి 12 రెప్‌లు, ఒకటి రెండు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాపు, చాలు. చివరి రెప్ అయినాక ఇంకా రెండు చెయ్యగలను అనిపించే దగ్గర ఆపాల. మొదటి నెల రెండు నెలలు బలం బాగా పెరుగుతుంది, అద్దంలో ఏమీ కనిపించదు, అది మోసం కాదు, ముందు నరాలు కండరాన్ని వాడుకోవడం నేర్చుకుంటాయి, కండ తర్వాత వస్తుంది. ఆ టైములోనే శానా మంది "ఏం లాభం లేదు" అని మానేస్తారు, నాలాంటోళ్ళు.

ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళ లాగా అయిపోతారు అనే మాట మా ఇళ్ళలో ఇంకా తిరుగుతా ఉంది. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఆ స్థాయికి రావడానికి ఏళ్ళకేళ్ళు రోజూ గంటల కొద్దీ పడింది ఆమె, మా అక్క వారానికి రెండుసార్లు 4 కిలోల డంబెల్ ఎత్తితే వచ్చేది భుజం నొప్పి తగ్గడం, అంతే. నెలసరి ఆగిపోయినాక ఎముకలు గుల్లబారే టైములో ఆడవాళ్ళకే బరువులు జాస్తి అవసరం.

ఇంట్లో చేసుకోవడం. జిమ్ములు రాకముందు కూడా మనోళ్ళు తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవాళ్ళు, ఇప్పుడు వాటినే పుషప్, స్క్వాట్ అంటే కొత్తగా వినపడతా ఉంది. కాణిపాకం వినాయకుడి ముందు మనం తీసే గుంజీలు కూడా స్క్వాటే, చెవులు పట్టుకోవడం ఒక్కటే ఎక్స్‌ట్రా. కొత్తోళ్ళు కుర్చీ ముందు నిలబడి, చేతులు వాడకుండా కూర్చుని లేవండి, 10 సార్లు. అది తేలికైతే కుర్చీ తీసేయండి. పుషప్ నేల మీద రాకపోతే గోడకి ఆని చెయ్యండి, తర్వాత వంటింటి గట్టు, తర్వాత మంచం అంచు, నేల చివర్న. వీపుకి సంబంధించింది ఇంట్లో కష్టం, ఏదైనా లాగితేనే వీపు పనిచేస్తుంది, గుడ్డ సంచిలో బియ్యం పోసి ఒక చేత్తో స్టూలు పట్టుకుని వంగి సంచిని నడుం దాకా లాగండి. రెండు చేతులా ఐదేసి లీటర్ల నీళ్ళ క్యాన్లు పట్టుకుని మిద్దె మీద ఈ చివర నించి ఆ చివరికి నడవండి, పట్టు, భుజం, నడుం మూడూ ఒకేసారి. ఇంతా కలిపి 20 నిమిషాలు. ఇంటి ఎక్సర్‌సైజుకి ఉన్న ఒకే ఒక్క శత్రువు ఇల్లే, చాప పరిచినాక ఎవరో బెల్లు కొడతారు, పాలు పొంగుతాయి, పిల్లోడు వీపెక్కి కూర్చుంటాడు. టైము ఖాయం చేసుకోగలిగినోళ్ళకి ఇది జిమ్ముతో సమానం అని చెప్తా, కనీసం మొదటి ఆరు నెలలు.

యోగా మీద నాకు రెండు అభిప్రాయాలు ఉన్నాయి. సూర్య నమస్కారంలో 12 భంగిమలు, ఒళ్ళంతా కదులుతుంది, వేగంగా చేస్తే ఆయాసం కూడా వస్తుంది, చేతుల మీద బరువు పడుతుంది, కూర్చుని కూర్చుని బిగిసిన నడుముకి దానికన్నా మందు లేదు. కానీ లాగే పని ఒక్కటీ లేదు, బరువు పెంచుకునే వీలు తక్కువ. ఇంకోటి, మొదటి వారమే శీర్షాసనం, మయూరాసనం అని ఎగబడేవాళ్ళని చూస్తా ఉన్నా, బీపీ ఉన్నోళ్ళు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నోళ్ళు తల్లకిందుల ఆసనాల జోలికి పోకూడదు, మెడ పట్టేసినోళ్ళు కూడా. ఒత్తిడితో నిద్ర పట్టనివాళ్ళు, నడుం బిగుసుకుపోయినవాళ్ళు యోగాతో మొదలుపెట్టి తర్వాత మిగతావి కలుపుకోవచ్చు.

షటిల్, ఆదివారం క్రికెట్ అయితే మనసుకి మందు, ఒంటికి లాటరీ. పదేళ్ళ తర్వాత ఒక్కసారిగా కోర్టులో ఉరికితే పిక్క పట్టేస్తుంది, మడమ వెనక నరం తెగినంత పనవుతుంది. రెండు నెలలు కాళ్ళు సిద్ధం చేసుకుని ఆడండి. ఈత మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి, లావు జాస్తి ఉన్నోళ్ళకి భేషు, రాకపోతే నేర్పేవాళ్ళు ఉన్న చోటికే పోవాల.

బరువు తగ్గడానికే ఇదంతా అనుకునేవాళ్ళకి ఒక చేదు లెక్క. కొండకీ ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 75 కిలోల మనిషి ఆ ఎత్తు ఎక్కితే ఒళ్ళు ఖర్చుపెట్టేది 500 నించి 600 క్యాలరీలు, అంత కష్టం. 100 గ్రాముల వేయించిన చెనిక్కాయల్లో ఉండేది దగ్గర దగ్గర అంతే. బస్టాండులో కొన్న పొట్లం, ఊరిబిండి పచ్చడిలో వేసింది, సాయంత్రం టీతో నోట్లో వేసుకుంది, కొండ మొత్తం తిరిగొచ్చేస్తుంది. రోజూ 45 నిమిషాలు వాకింగ్ చేస్తే ఊరికే కూర్చున్నదానికన్నా 140 క్యాలరీల దాకా జాస్తి ఖర్చవుతుంది, కిలో కొవ్వుకి 7700 క్యాలరీలు అనుకుంటే తిండి రవ్వంత కూడా పెంచకుండా ఉంటే కిలో తగ్గడానికి రెండు నెలలు. కాబట్టి నడుము చుట్టుకొలత తగ్గేది కంచం దగ్గర. మరి ఎక్సర్‌సైజు ఎందుకంటే షుగరు, బీపీ, నిద్ర, మోకాళ్ళు, మూడ్ బాగుపడడానికి, తూకం మిషను కదలకపోయినా ఇవన్నీ బాగుపడతాయి.

తిండి విషయంలో ఒక్కటే చెప్తా, సంగటి మంచిదే, కానీ సంగటి పిండిపదార్థమే, రాగి అని రెండు ముద్దలు ఎక్స్‌ట్రా వేసుకోకండి. మనకి తక్కువయ్యేది ప్రోటీను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 70 కిలోలకి 58 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, మిగతాది పప్పు, పెరుగు, అలసందలు, చలికాలంలో పితికిపప్పు, తినేవాళ్ళకి కోడి, చేప. ముందు ఇవి సరిగ్గా తింటా ఉన్నారా చూసుకుని తర్వాత పొడి డబ్బా గురించి ఆలోచించండి.

వేళల సంగతి. తిరుపతి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటేది మామూలే, పైగా కొండ బండలు రాత్రి దాకా వేడి కక్కుతానే ఉంటాయి, ఏప్రిల్ మే నెలల్లో పొద్దున ఆరున్నర లోపల ముగించేయాల లేకుంటే ఆ రోజు ఇంట్లోనే. మనకి గట్టి వానలు అక్టోబరు నించి డిసెంబరు దాకా, ఆ మూడు నెలల్లోనే శానా వాకింగులు చచ్చిపోతాయి, ఒకసారి ఆగితే సంక్రాంతి దాకా లేవవు. అందుకే వాకింగే ఎంచుకున్నా, వాన రోజుకి ఇంట్లో ఏం చేస్తారో ముందే అనుకోవాల.

మొదలుపెట్టే ముందు డాక్టర్ని కలవాల్సింది ఎవరంటే గుండె జబ్బు ఉన్నోళ్ళు, నడిస్తే ఛాతీలో బరువు వచ్చేవాళ్ళు, కళ్ళు తిరిగి పడినోళ్ళు, బీపీ కంట్రోల్లో లేనోళ్ళు. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు పరగడుపున ఎక్కువసేపు చెయ్యొద్దు, జేబులో గ్లూకోజో చక్కెరో పెట్టుకోవాల.

ఇంక మా బామ్మర్దికి ఏం చెప్పినానంటే, జిమ్ము వద్దు, ఇప్పుడే వద్దు. వాడి ఆఫీసు నించి జిమ్ముకి అరగంట, ఇంటి నించి గ్రౌండుకి ఐదు నిమిషాలు, అక్కడే సగం తేలిపోయింది. వారానికి ఐదు రోజులు అరగంట మోస్తరు శ్రమ అయ్యేలా చురుకు నడక, దాంతో 150 నిమిషాలు అయిపోతాయి, మంగళవారం, శుక్రవారం మా చెల్లెలు టిఫిన్ చేసే టైములో 20 నిమిషాలు కుర్చీ, గోడ, బియ్యం సంచి. రాత్రి తిన్నాక పది నిమిషాలు వీధిలో. మూడు నెలలు ఇది ఆగకుండా చేస్తే అప్పుడు నెల ఫీజు కట్టి జిమ్ము చూసుకో అన్నా. మోకాళ్ళు నొప్పులుండే మా అత్తకి మాత్రం కుర్చీలో కూర్చుని లేవడం, చదును నేల మీద నడక, అంతే చెప్పినా, మెట్లు వద్దన్నా, ఆమె వినదని తెలుసు. ఇరవై రెండేళ్ళ మేనల్లుడికి మాత్రం నేరుగా జిమ్ముకే పొమ్మన్నా, వాడికి దమ్ము ఉంది, నలుగురు దోస్తులూ ఆడనే ఉన్నారు, వాడు మానడు.

"అన్నీ సరే బావా, కొండెప్పుడు ఎక్కుదాం" అన్నాడు బామ్మర్ది. మూడు నెలలయినాక, అలిపిరి నించి, తెల్లవారుజామున, ఒకే వేగంతో, మాట్లాడుకుంటా ఎక్కుదాం అన్నా, దిగేది మాత్రం బస్సులోనే, టిక్కెట్టు నేను కొంటా.